ఇంజనీరింగ్ జర్నల్‌కు మొదటి పేపర్: స్కాలర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సివిల్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్, పీహెచ్‌డీ విద్యార్థులతో పనిచేస్తూ, ఇంకోపక్క జర్నళ్ల నుంచి రివ్యూకి వచ్చే పేపర్లు చదువుతూ ఉంటాను. పేపర్ పంపేవాళ్ల ఆత్రం, చదివేవాళ్ల విసుగు రెండూ తెలుసు. మొదటి పేపర్ రాస్తున్నవాళ్లు నన్ను అడిగేవి ఏటా దాదాపు ఇవే ప్రశ్నలు. జవాబులకు చాలాచోట్ల ఒకే ఉదాహరణ వాడాను: సిమెంటులో కొంత భాగానికి బదులు థర్మల్ స్టేషన్ బూడిద, అంటే ఫ్లై యాష్, కలిపిన ఎం30 (28 రోజులకు 30 మెగాపాస్కళ్ల బలం ఉండాల్సిన) కాంక్రీటు. మెకానికల్, ఈసీఈ వాళ్లు క్యూబు (బలం పరీక్షకు పోసే కాంక్రీటు దిమ్మ) అన్నచోట తమ స్పెసిమెన్‌నో సర్క్యూట్‌నో పెట్టుకుని చదువుకోండి.

నేను చేసిన పని ఒక పేపర్‌కు సరిపోతుందా?

మీ పని ఏ ప్రశ్నకు జవాబో ఒక్క వాక్యంలో చెప్పి చూడండి. "ఫ్లై యాష్ కాంక్రీటుపై అధ్యయనం" అన్నది ప్రశ్న కాదు, ఉత్త పేరు. "సిమెంటులో 30 శాతం బూడిద కలిపితే 28 రోజుల దగ్గర తగ్గిన బలం 90 రోజులకు అందుకుంటుందా?" ఇది ప్రశ్న. కానీ దీనికి జవాబు ఎప్పుడో వచ్చేసింది. సిమెంటు నీళ్లతో కలిసినప్పుడు పుట్టే కాల్షియం హైడ్రాక్సైడ్‌తో బూడిదలోని సిలికా నెమ్మదిగా చర్య జరుపుతుందని, అందుకే బలం ఆలస్యంగా వస్తుందని పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. మీరు ఇంకో అడుగు లోపలికి వెళ్లాలి. విశాఖ దగ్గరి సింహాద్రి థర్మల్ స్టేషన్ బూడిదతో పోసిన కాంక్రీటు సముద్రపు ఉప్పుగాలిలోని క్లోరైడ్‌ని ఎంతవరకు ఆపుతుంది? రామగుండం ఎండల్లో క్యూరింగ్ సరిగా సాగకపోతే 30 శాతం బూడిద మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? ఇలాంటి ప్రశ్న పట్టుకుంటే పేపర్‌కు వెన్నెముక వచ్చినట్టే.

"ఇంతవరకు ఎవరూ చేయలేదు" అని రాసి ఊరుకోకండి. ఎవరూ చేయకపోవడానికి ఎవరికీ అవసరం లేకపోవడం కూడా కారణం కావచ్చు. ఎందుకు చేయాల్సి వచ్చిందో చెప్పండి.

ఎంటెక్ ప్రాజెక్టు రిపోర్టును కుదించి పంపేయవచ్చా?

కుదించి కాదు, విడిగా కూర్చుని రాయాలి. రిపోర్టులో మీరు ఎంత నేర్చుకున్నారో చూపిస్తారు. పేపర్‌లో పాఠకుడికి ఏం దొరుకుతుందో చెబుతారు. రిపోర్టులో స్లంప్ (తడి కాంక్రీటు ఎంత జారుతుందో చూసే) పరీక్ష అంటే ఏమిటో రెండు పేజీలు రాయొచ్చు. జర్నల్ చదివేవాడికి అది తెలుసు, మీకు వచ్చిన స్లంప్ ఎంతో చెబితే చాలు. ఒక థీసిస్‌లో రెండు మూడు వేర్వేరు ప్రశ్నలుంటే రెండు మూడు పేపర్లు న్యాయమే. ఒకే ప్రశ్నను ముక్కలు చేసి, 7 రోజుల బలానికి ఒక పేపర్, 28 రోజుల బలానికి ఇంకో పేపర్ రాస్తే మాత్రం రివ్యూయర్ రెండోది తెరవగానే పట్టేస్తాడు.

ఏ జర్నల్‌కు పంపాలి?

మీ పేపర్ చివర ఉన్న రిఫరెన్సుల జాబితా చూడండి. మీరు ఎక్కువగా ఏ జర్నళ్ల పేపర్లు చదివి ఈ పని చేశారో, మీ పేపర్ చదివేవాళ్లు కూడా అక్కడే ఉంటారు. తర్వాత ఆ జర్నల్ 'ఎయిమ్స్ అండ్ స్కోప్' పేజీ, గత రెండేళ్ల పేపర్ల శీర్షికలు చదవండి. ఈ పని సగం పూటలో అయిపోతుంది. అది చేయకుండా పంపి, "మా పరిధిలోకి రాదు" అన్న జవాబు అందుకునేవాళ్లు ఎందరో.

విదేశీ జర్నల్ అయితేనే గొప్ప అనుకోకండి. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌ను 1934లో సి.వి. రామన్ స్థాపించారు. ఇంజనీరింగ్ శాస్త్రాల కోసం ఆ అకాడమీ నడిపే జర్నల్ 'సాధన'. 1920లో పుట్టిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ (ఇండియా) జర్నల్‌ను స్ప్రింగర్ సిరీస్‌లుగా ప్రచురిస్తోంది. సివిల్ వాళ్లకు ఏ సిరీస్, ఎలక్ట్రికల్, కంప్యూటర్ వాళ్లకు బి, మెకానికల్ వాళ్లకు సి, మెటలర్జీ, మైనింగ్ వాళ్లకు డి. మన బూడిద, మన ఇసుక, మన కోడ్ పుస్తకాల మీద రాసింది మన దేశపు ఇంజనీరు చదవాలంటే ఇలాంటివి మంచి వేదికలు.

స్కోపస్, ఎస్‌సీఐఈ, ఇంపాక్ట్ ఫ్యాక్టర్, యూజీసీ కేర్: వీటిలో ఏది ఏమిటి?

స్కోపస్ అనేది ఎల్సెవియర్ సంస్థ 2004లో మొదలుపెట్టిన సూచిక. ఎస్‌సీఐఈ అంటే సైన్స్ సైటేషన్ ఇండెక్స్ ఎక్స్‌పాండెడ్, అది క్లారివేట్ సంస్థ సూచిక. రెండూ పేపర్లను ప్రచురించవు, ఎంపిక చేసిన జర్నళ్లలో వచ్చినవాటిని నమోదు చేస్తాయి, అంతే. ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను లెక్కగట్టేది క్లారివేట్. 2024 సంవత్సరపు అంకె కావాలంటే, ఆ జర్నల్‌లో 2022, 2023లో వచ్చిన వాటిని 2024లో ఎన్నిసార్లు ఉదహరించారో చూసి, ఆ రెండేళ్ల పేపర్ల సంఖ్యతో భాగిస్తారు. అది జర్నల్ మొత్తానికి సగటు, మీ పేపర్ విలువకు కొలత కాదు. గణితం అంకెను, కాంక్రీటు అంకెను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఉదహరించే వేగం ఒక్కో రంగంలో ఒక్కోలా ఉంటుంది.

యూజీసీ కేర్, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ గుర్తించిన జర్నళ్ల జాబితా, 2019లో వచ్చింది. 2025 ఫిబ్రవరిలో దాన్ని ఆపేస్తున్నట్టు యూజీసీ ప్రకటించి, జర్నళ్ల మంచిచెడ్డలు తేల్చుకునే పనిని విద్యాసంస్థలకే వదిలింది. "కేర్ లిస్టెడ్" అని ఇంకా ప్రకటనలిచ్చే జర్నల్ కనిపిస్తే జాగ్రత్తపడండి.

ఇంకో మాట. పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేముందు పేపర్ ప్రచురించి తీరాలన్న నిబంధన యూజీసీ 2016 నియమాల్లో ఉండేది, 2022 నవంబరులో వచ్చిన కొత్త నియమాల్లో లేదు. అయినా చాలా యూనివర్సిటీలు సొంతంగా ఆ షరతు పెడుతున్నాయి. సీనియర్ చెప్పిన మాట మీద ఆధారపడకుండా, మీరు చేరిన సంవత్సరానికి వర్తించే రూల్స్ కాపీ రీసెర్చ్ సెల్ నుంచి తీసుకుని దగ్గర పెట్టుకోండి.

"ఏడు రోజుల్లో పబ్లికేషన్, స్కోపస్ గ్యారంటీ" అని వాట్సాప్‌లో వచ్చింది. నమ్మొచ్చా?

వద్దు. నేను చాలా గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే. ఒక పేపర్‌ను ఇద్దరు తెలిసినవాళ్లు చదివి, తప్పులు చెప్పి, మీరు దిద్ది, వాళ్లు మళ్లీ చూడటం ఏడు రోజుల్లో అయ్యే పని కాదు. అయిందంటే ఎవరూ చదవలేదనే అర్థం. ఎవరూ చదవని పేపర్ పక్కన మీ పేరు జీవితాంతం ఉంటుంది.

ఇది ఎక్కడో దూరాన జరిగే వ్యవహారం కాదు. హైదరాబాద్ కేంద్రంగా వందలాది జర్నళ్లు నడిపిన ఒక సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సరైన సమీక్ష లేకుండానే ఉందని చెప్పడం, ఫీజు సంగతి ముందు దాచడం లాంటి ఆరోపణలపై 2019లో అక్కడి ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు ఇచ్చింది. మన యూజీసీ కూడా 2018 మే నెలలో కేర్‌కు ముందున్న తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నళ్లను తీసేయాల్సి వచ్చింది. ఆ జాబితాను నమ్ముకుని అక్కడ పేపర్లు వేసినవాళ్లలో మోసపోయిన నిజాయితీపరులూ ఉన్నారు. అందుకే వాళ్లను తప్పుపట్టడం కంటే తర్వాతివాళ్లను ముందే హెచ్చరించడం మేలు.

గుర్తుపట్టడం ఎలా? మెకానికల్, మేనేజ్‌మెంట్, ఆయుర్వేదం అన్నీ ఒకే జర్నల్‌లో వేస్తామంటారు. 'గ్లోబల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్' లాంటి పేర్లతో ఊరూపేరూ లేని అంకెలు చూపిస్తారు. ఎడిటోరియల్ బోర్డులో ఉన్న ప్రొఫెసర్ సొంత వెబ్‌పేజీ తెరిస్తే ఈ జర్నల్ ఊసే ఉండదు. ఐఎస్‌ఎస్‌ఎన్ ఉంది కదా అంటారు. అది ఎనిమిది అంకెల గుర్తింపు సంఖ్య మాత్రమే, వారపత్రికకు కూడా ఇస్తారు. దానికీ నాణ్యతకూ సంబంధం లేదు. ఇంకా ప్రమాదకరమైనవి నకిలీ సైట్లు: మంచి జర్నల్ పేరు, ఐఎస్‌ఎస్‌ఎన్ అలాగే దొంగిలించి, వేరే చిరునామాతో సైటు పెట్టి డబ్బు గుంజుతారు. కాబట్టి గూగుల్‌లో మొదట కనిపించిన లింకు నొక్కకుండా, స్కోపస్ వాళ్ల సోర్స్ జాబితాలోనో క్లారివేట్ వాళ్ల మాస్టర్ జర్నల్ లిస్టులోనో పేరు వెతికి, అక్కడి నుంచి ప్రచురణకర్త సైటుకు వెళ్లండి. స్కోపస్ కొన్ని జర్నళ్లను మధ్యలో ఆపేస్తుంది కూడా, ఏ సంవత్సరం వరకు నమోదైందో గమనించండి.

మంచి జర్నల్ కూడా డబ్బు అడుగుతుందా?

కొన్ని అడుగుతాయి. పాఠకులకు ఉచితంగా అందించే ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు రచయిత దగ్గర ఏపీసీ (ఆర్టికల్ ప్రాసెసింగ్ ఛార్జ్) పేరిట రుసుము తీసుకుంటాయి. చందాలతో నడిచే జర్నళ్లలో చాలావాటికి మీరు పైసా కట్టక్కర్లేదు. రెండు దారులూ ఉన్నవి హైబ్రిడ్ జర్నళ్లు: అంగీకారం వచ్చాక ఫారంలో ఏ దారి అని అడుగుతారు. అక్కడ తొందరలో ఓపెన్ యాక్సెస్ నొక్కి, లక్షల్లో బిల్లు వచ్చాక కంగారుపడినవాళ్లను చూశాను. ఫీజు ఎంతో, ఎప్పుడు కట్టాలో సబ్మిట్ చేసే ముందే జర్నల్ పేజీలో స్పష్టంగా ఉండాలి. లేకపోతే అక్కడికి పంపకండి.

మా కాలేజీలో జర్నళ్లకు చందా లేదు. పాత పేపర్లు చదవడం ఎలా?

ముందు మీ లైబ్రేరియన్‌ను అడగండి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 మంది ప్రచురణకర్తలకు చెందిన దాదాపు 13,000 ఈ-జర్నళ్లు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారా అందుతున్నాయి. ప్రైవేటు కాలేజీలో ఉన్నవాళ్లు పేపర్ రాసిన ఆథర్‌కే మర్యాదగా మెయిల్ పెట్టండి. తన పని చదువుతానన్నవాళ్లకు కాపీ పంపడానికి ఎవరూ బద్ధకించరు. మన దేశపు థీసిస్‌లైతే శోధ్‌గంగలో ఉచితంగా దొరుకుతాయి.

ఏ భాగం ముందు రాయాలి?

శీర్షికతో మొదలుపెట్టి ఇంట్రడక్షన్ దగ్గర నెలరోజులు ఆగిపోవడం అందరూ చేసే పొరపాటే. నేను చెప్పే వరుస వేరు. ముందు పటాలు, పట్టికలు పూర్తి చేయండి. వాటిని బల్ల మీద పరిచి, ఏది ముందు ఏది తర్వాత అయితే కథ నడుస్తుందో చూసుకోండి. తర్వాత ప్రయోగ విధానం రాయండి, మీరు చేసిందే కాబట్టి తడుముకోవాల్సిన పని లేదు. తర్వాత ఫలితాలు, చర్చ. ఆపైన కన్‌క్లూజన్లు. అప్పుడు ఇంట్రడక్షన్. అన్నీ అయ్యాక అబ్‌స్ట్రాక్టు, చివరిగా శీర్షిక.

ఇంట్రడక్షన్‌లో "ఫలానావారు ఇది చేశారు, మరొకరు అది చేశారు" అని పాత పేపర్లను వరసగా పేర్చకండి. అవన్నీ కలిపి ఎక్కడిదాకా తెలుసు, ఎక్కడ తెలియడం ఆగిపోయింది, ఆ ఖాళీలో మీ ప్రశ్న ఎక్కడుంది, ఇది తేలాలి. ప్రతి పేరాకూ ఒక పని ఉండాలి. అబ్‌స్ట్రాక్టులో అంకెలుండాలి. "బలం గణనీయంగా పెరిగింది" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఎంత శాతం బూడిదకు, ఎన్ని రోజులకు, ఎంత నుంచి ఎంతకు పెరిగిందో రాయండి. ఐట్రిపుల్‌ఈ జర్నళ్లలో అబ్‌స్ట్రాక్టు 150 నుంచి 250 మాటల మధ్య ఉండాలంటారు, అన్నిచోట్లా దాదాపు అంతే.

ప్రయోగ విధానం ఎంత వివరంగా రాయాలి?

మీరెవరో తెలియనివాడు, మిమ్మల్ని ఫోన్‌లో ఒక్క మాట కూడా అడగకుండా, తన ల్యాబ్‌లో అదే పని మళ్లీ చేయగలిగేంత. పేపర్ అంతటికీ ప్రాణం ఇక్కడే ఉంది. నా దగ్గరికి రివ్యూకి వచ్చేవాటిలో ఎక్కువ లోపాలు కనిపించేదీ ఇక్కడే.

"53 గ్రేడ్ సిమెంటు, స్థానికంగా దొరికే ఇసుక, ఫ్లై యాష్ వాడాం" అని రాస్తే ఏ ఇసుక? కృష్ణ ఇసుకా, గోదావరి ఇసుకా, రాళ్లు పిండి చేసిన ఎం-శాండా? భారతీయ ప్రమాణం ఐఎస్ 383 ప్రకారం ఏ జోన్ (రేణువుల సైజు తరగతి)? బూడిద ఏ స్టేషన్‌ది, ఐఎస్ 3812 ప్రకారం దాని రసాయన పరీక్షలో సిలికా, అల్యూమినా, ఐరన్ ఆక్సైడ్ ఎంతెంత, లాస్ ఆన్ ఇగ్నిషన్ (కాల్చితే తగ్గే బరువు) ఎంత? ఆ చివరిది చాలామంది వదిలేస్తారు. కాలకుండా మిగిలిన బొగ్గు ఎక్కువుంటే అది కాంక్రీటులో కలిపే రసాయనాన్ని (అడ్మిక్చర్‌ను) పీల్చేస్తుంది, స్లంప్ మారిపోతుంది. అప్పుడు ఇంకొకరి ల్యాబ్‌లో మీ ఫలితం రాదు. కంకర తడి లెక్కలోకి తీసుకున్నారా? ఏ మోతాదులో సూపర్‌ప్లాస్టిసైజర్? ఒక ఘనమీటరుకు ఏది ఎన్ని కిలోలో పట్టిక ఇవ్వండి. నిష్పత్తులు మాత్రమే ఇచ్చి కిలోలు ఇవ్వకపోతే సగం సమాచారం దాచినట్టే.

ఎన్ని క్యూబులు పోశారో లెక్క చెప్పండి. 0, 10, 20, 30, 40 శాతం బూడిదతో ఐదు మిక్స్‌లు, 7, 28, 56, 90 రోజులకు పరీక్షలు, ఒక్కోదానికి మూడు క్యూబులంటే 60. ఇవన్నీ ఒకే రోజు ఒకే బ్యాచ్‌లో పోశారా, వేర్వేరు రోజుల్లో పోశారా అన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. విదేశీ జర్నల్‌కు పంపేటప్పుడు ఐఎస్ కోడ్ నంబరు రాసి ఊరుకోకండి. అమెరికా లాంటి చోట్ల సిలిండర్లతో పరీక్షిస్తే, మనం 150 మిల్లీమీటర్ల క్యూబులతో చేస్తాం. ఒకే కాంక్రీటుకు క్యూబు బలం సిలిండర్ బలం కన్నా ఎక్కువ చూపిస్తుంది. ఏ ఆకారమో ఒక మాట రాస్తే అపార్థం తప్పుతుంది.

మూడు క్యూబుల్లో ఒకటి తేడాగా వచ్చింది. తీసేసి రాయొచ్చా?

చెప్పకుండా తీసేయకూడదు. మూడు క్యూబులకు 35, 37, 48 మెగాపాస్కళ్లు వచ్చాయనుకోండి. సగటు 40. ఏ ఒక్క క్యూబూ సగటుకు 15 శాతం మించి అటూఇటూ ఉండకూడదని ఐఎస్ 456 చెబుతోంది. 48 అంటే 20 శాతం ఎక్కువ. అంటే ఆ నమూనా చెల్లదు. మళ్లీ పోసి పరీక్షించడం సరైన దారి. కుదరకపోతే మూడు అంకెలూ ఇచ్చి, సంగతి ఇదీ అని రాయండి. 48ని గుట్టుగా పక్కనపెట్టి 36 సగటు అని రాస్తే అది దొంగలెక్కే.

ఫలితం అనుకున్నట్టు రాకపోయినా పేపర్ అవుతుంది. 40 శాతం బూడిద దగ్గర బలం 90 రోజులకు కూడా అందుకోలేదని తేలితే, అదీ ఒక ఇంజనీరుకు పనికొచ్చే మాటే. కారణం వెతికి చెప్పండి.

పటాలు, యూనిట్ల విషయంలో ఏం చూసుకోవాలి?

ఎక్సెల్ గ్రాఫును స్క్రీన్‌షాట్ తీసి అతికించకండి. ఫొటోలకు కనీసం 300 డీపీఐ, గీతలతో ఉన్న గ్రాఫులకు ఇంకా ఎక్కువ అడుగుతారు. వెక్టర్ ఫైలుగా దాచుకుంటే ఆ బాధే ఉండదు. జర్నల్ ఒక కాలమ్ వెడల్పు సుమారు 9 సెంటీమీటర్లు. మీ గ్రాఫును ఆ సైజుకు ప్రింటు తీసి, అక్షరాలు కళ్లద్దాలు సర్దుకోకుండా చదవగలరేమో చూడండి. రంగులు పోయినా గీతలు వేరువేరుగా తెలియాలి, కాబట్టి గుర్తులు మార్చండి. సగటు మీద ఎర్రర్ బార్లు, అంటే కొలతలు ఎంత అటూఇటూ ఉన్నాయో చూపే గీతలు, తప్పనిసరిగా పెట్టండి.

దశాంశాల విషయం మరీ ముఖ్యం. 150 మిల్లీమీటర్ల క్యూబు ముఖం వైశాల్యం 22,500 చదరపు మిల్లీమీటర్లు. మీ సీటీఎం (క్యూబును నొక్కి పగలగొట్టే యంత్రం) డయల్‌లో అతిచిన్న గీత 5 కిలోన్యూటన్లు అయితే, అది 0.22 మెగాపాస్కల్‌కు సమానం. అలాంటి యంత్రంతో పరీక్షించి 38.427 మెగాపాస్కళ్లు అని రాస్తే, కొలవని అంకెలను కొలిచినట్టు చెప్పడమే. యూనిట్లు ఎస్ఐ పద్ధతిలోనే ఉండాలి. పాత రిపోర్టుల నుంచి వచ్చే కిలోగ్రాములు పర్ చదరపు సెంటీమీటరును మార్చి రాయండి.

నాకు ఇంగ్లీషు అంతగా రాదు. ఏఐ సాయం తీసుకోవచ్చా?

తెలుగు మీడియంలో చదివి వచ్చి మంచి పేపర్లు రాసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. చిన్న వాక్యాలు రాయండి. ఒక వాక్యంలో ఒక విషయం. ఒక వస్తువుకు పేపరంతా ఒకే పేరు వాడండి: ఒకచోట ఫ్లై యాష్, ఇంకోచోట పోజోలానా, మరోచోట బైండర్ అంటే చదివేవాడికి మూడు వేర్వేరు పదార్థాలనిపిస్తుంది. రాశాక పైకి చదివి, మీ విభాగంలోనే వేరే అంశం మీద పనిచేసే ఒకరికి ఇవ్వండి.

భాష దిద్దుకోవడానికి ఏఐ వాడటాన్ని చాలా జర్నళ్లు ఒప్పుకుంటాయి, వాడిన సంగతి చెప్పమంటాయి. ఏ జర్నల్ నియమం ఏమిటో చదవండి. ఏఐని ఆథర్‌గా పెట్టకూడదని ప్రచురణ నైతికత కమిటీ 'కోప్' 2023లో స్పష్టంగా చెప్పింది, ఎందుకంటే తప్పు జరిగితే అది బాధ్యత తీసుకోలేదు. రిఫరెన్సులు మాత్రం దాన్ని అడగకండి. లేని పేపర్లను ఉన్నట్టు, నిజమైన పేర్లతో కల్పించి ఇస్తుంది. ప్రతి రిఫరెన్సు డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత లింకు నంబరు) తెరిచి, పేపర్ నిజంగా ఉందో, మీరు చెప్పిన మాట అందులో ఉందో చూశాకే పెట్టండి.

సిమిలారిటీ, అంటే ఇతరుల రాతతో పోలిక, ఎంత శాతం ఉండొచ్చు?

యూజీసీ 2018 నియమాల ప్రకారం 10 శాతం వరకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఒక స్థాయి, 60 వరకు ఇంకోటి, ఆపైన మరోటి. వరసగా 14 మాటల వరకు కలిస్తే లెక్కలోకి తీసుకోరు. జర్నళ్లు వాటి సొంత పద్ధతిలో చూస్తాయి. అంకె చూసి ఊపిరి పీల్చుకోవద్దు, ఎక్కడ కలిసిందో చూడండి. పరీక్షా విధానంలో కోడ్ పుస్తకపు మాటలు 8 శాతం కలిస్తే ఫర్వాలేదు. చర్చలో ఒక్క పేరా ఇంకొకరిదైతే అది 2 శాతమే అయినా చౌర్యమే. మాటలు అటూఇటూ మార్చి సాఫ్ట్‌వేర్ కళ్లు కప్పినా అంతే. మీ పాత పేపర్లోని వాక్యాలైనా చెప్పకుండా తిరిగి వాడకూడదు.

ఎవరెవరి పేర్లు పెట్టాలి? ఏ వరుసలో?

పనిలో నిజంగా చేయి పెట్టి, రాతలో పాలుపంచుకుని, రేపు ప్రశ్న వస్తే జవాబు చెప్పగలవాళ్లే ఆథర్లు. క్యూబులు పోయడంలో, క్రష్ చేయడంలో సాయపడిన ల్యాబ్ అసిస్టెంట్‌కు కృతజ్ఞతల్లో పేరు ఉండాలి. మిక్స్ డిజైన్‌లో అతని ఆలోచన ఉంటే ఆథర్‌గానే పెట్టండి, హోదా చూడకండి. పని ఏమీ చేయని పెద్దల పేర్లు గౌరవం కోసం చేర్చడం మన దగ్గర పాతుకుపోయింది. స్కాలర్‌కు కాదనడం కష్టమని తెలుసు. చాలా జర్నళ్లు ఇప్పుడు ఎవరు ఏ పని చేశారో 14 రకాల పాత్రల 'క్రెడిట్' పట్టికలో నింపమంటున్నాయి. పని మొదలయ్యే రోజే గైడ్‌తో కలిసి ఆ పట్టిక నింపుకుంటే చివర్లో గొడవ రాదు.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. సూచికలేమో చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. అలా రావు, రెడ్డి, కుమార్, లక్ష్మి అనే మాటల కింద వేలమంది కలిసిపోతారు. ఒక పేపర్‌లో ఇనిషియల్ ముందు, ఇంకోదాంట్లో వెనక పెడితే మీరే ఇద్దరైపోతారు. మొదటి పేపర్‌కే ఒక రూపం నిర్ణయించుకుని ఎప్పటికీ అదే వాడండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకునే అమ్మాయిలు పేపర్లలో పాత రూపాన్నే కొనసాగించడం మంచిది. ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు ఉచితంగా తీసుకోండి, పేరు ఎలా మారినా పేపర్లన్నీ ఒకచోట ఉంటాయి.

పేటెంటు తీసుకోవాలనుకుంటే?

ముందు పేటెంటు దరఖాస్తు, తర్వాత పేపర్. ప్రచురణతో విషయం బయటపడితే కొత్తదనం పోతుంది. ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ వేస్తే పూర్తి వివరాలకు 12 నెలల గడువు ఉంటుంది, ఆ తేదీ చేతిలో పడ్డాక పేపర్ పంపండి.

సబ్మిట్ చేసే రోజు ఏమేం సిద్ధంగా ఉండాలి?

పేపర్ ఫైలు, విడిగా పటాలు, కవర్ లెటర్, ఆథర్లందరి మెయిళ్లు, ఆర్కిడ్ నంబర్లు, నిధులు ఎవరిచ్చారు, ప్రయోజనాల ఘర్షణ ఏమైనా ఉందా అనే వివరాలు. పేర్లు దాచి సమీక్షించే జర్నల్ అయితే పేర్లు, కృతజ్ఞతలు ఉన్న పేజీ వేరే ఫైలుగా పెట్టాలి. వర్డ్ ఫైలు లక్షణాల్లో మిగిలిపోయిన మీ పేరు కూడా చెరిపేయండి. ఎల్సెవియర్ జర్నళ్లలో హైలైట్స్ అడుగుతారు: మూడు నుంచి ఐదు, ఒక్కోటి ఖాళీలతో కలిపి 85 అక్షరాలు మించకుండా.

కవర్ లెటర్ అర పేజీ చాలు. ప్రశ్న ఏమిటి, ఏం తేలింది, ఈ జర్నల్ పాఠకులకు ఎందుకు పనికొస్తుంది, ఇంకెక్కడా పంపలేదు. రివ్యూయర్ల పేర్లు సూచించమంటే స్నేహితులను, సహ ఆథర్లను ఇవ్వకండి. సంస్థ మెయిల్ ఉన్నవాళ్లను, మీ అంశంపై రాసినవాళ్లను ఇవ్వండి.

ఒకేసారి రెండు జర్నళ్లకు పంపి, ముందు ఒప్పుకున్నదాన్ని తీసుకుంటే?

తప్పు. రెండుచోట్లా ఒకే రివ్యూయర్ చేతికి వెళ్లడం అరుదేమీ కాదు. రెండూ పోతాయి, పేరు కూడా పోతుంది.

పంపి నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు. ఏం చేయాలి?

ఎడిటర్ తనే తిరస్కరించదలిస్తే సాధారణంగా కొన్ని వారాల్లోపే చెప్పేస్తాడు. 'అండర్ రివ్యూ' అని చూపిస్తే నెలలు పట్టడం మామూలే. రివ్యూయర్లు జీతం లేకుండా, పాఠాలు చెప్పుకుంటూ, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ మధ్యలో చదువుతారు. మూడు నెలలు దాటితే పేపర్ నంబరు రాసి, రెండు వాక్యాల్లో మర్యాదగా అడగండి.

రివ్యూయర్లు రెండు పేజీల తప్పులు చూపించారు. నా పని అయిపోయినట్టేనా?

మేజర్ రివిజన్ వచ్చిందంటే తలుపు తెరిచే ఉందని అర్థం. చదివిన రోజు జవాబు రాయకండి. కోపం తగ్గాక ఒక్కో వ్యాఖ్యనూ ఉన్నదున్నట్టు కాపీ చేసి, కింద జవాబు, మార్చిన వాక్యం, పేజీ, లైను నంబరు రాయండి. "దిద్దాం" అని ఒక్క మాట రాసి వదిలేస్తే రివ్యూయర్ పేపరంతా వెతుక్కోవాలి.

ఉదాహరణకు "28 రోజుల ఫలితాలతో బూడిద కాంక్రీటు గురించి ఏం చెప్పగలరు?" అని అడిగారనుకోండి. అడిగింది న్యాయం. క్యూబులు మిగిలి ఉంటే ఎడిటర్‌ను గడువు అడిగి 90 రోజుల పరీక్ష చేయండి. లేకపోతే మీ నిర్ధారణను 28 రోజులకే పరిమితం చేసి, శీర్షికలోనూ ఆ మాట చేర్చండి. రివ్యూయర్ పొరబడ్డాడనిపిస్తే ఆధారంతో నెమ్మదిగా చెప్పండి, ఒప్పుకోవడం వాళ్లకూ కష్టం కాదు. మీరు స్పష్టంగా రాయకపోవడం వల్లే పొరబడి ఉండొచ్చు, ఆ వాక్యం కూడా మార్చండి. సంబంధం లేని తన పేపర్లు అయిదారు చేర్చమని రివ్యూయర్ అడిగితే, ఆ సంగతి ఎడిటర్‌కు విడిగా రాయండి.

రిజెక్ట్ అయింది. వెంటనే ఇంకో జర్నల్‌కు పంపొచ్చా?

పంపొచ్చు, కానీ వ్యాఖ్యల ప్రకారం దిద్దాకే. కొత్త జర్నల్ కూడా అదే రివ్యూయర్‌ను అడగొచ్చు. తాను చెప్పిన తప్పు అలాగే ఉంటే ఆయన మొదటి పేజీ దగ్గరే ఆపేస్తాడు. పాత జర్నల్ పేరున్న కవర్ లెటర్ మార్చడం మర్చిపోకండి.

ఒప్పుకున్నారు! ఇంకేం పని ఉంటుంది?

ప్రూఫులు (ప్రచురణకు ముందు సరిచూసే ప్రతులు) వస్తాయి, చాలాచోట్ల రెండు రోజులే గడువు. అక్షరం అక్షరం చూడండి. మైక్రో గుర్తు కాస్తా 'ఎం' అయిపోవడం, మైనస్ గుర్తు మాయమవడం, పట్టికలో దశాంశ బిందువు జరగడం తరచుగా కనిపిస్తాయి. మిక్స్ పట్టికలో ఒక్క అంకె తప్పితే ఇంకొకరి ల్యాబ్‌లో అరవై క్యూబులు వృథా. ప్రచురణకర్త పీడీఎఫ్‌ను ఎక్కడపడితే అక్కడ పెట్టే ముందు కాపీరైట్ ఒప్పందం చదవండి. అంగీకారం పొందిన మీ సొంత ప్రతిని కొంతకాలం తర్వాత కాలేజీ రిపాజిటరీలో పెట్టుకోవడానికి చాలామంది అనుమతిస్తారు.

పేపర్ వచ్చేసింది కదా, ల్యాబ్ రిజిస్టరు, ఫైళ్లు పారేయవచ్చా?

వద్దు. ఒక్కో క్యూబు పోసిన తేదీ, బరువు, పగిలిన లోడు రాసిన ఆ రిజిస్టరే మీ పేపర్‌కు సాక్షి. పేజీలన్నీ ఫొటో తీసి, ఎక్సెల్ ఫైలుతో పాటు జెనోడో లాంటి ఉచిత రిపాజిటరీలో పెడితే దానికి డీఓఐ వస్తుంది, ఆ నంబరు పేపర్‌లోనే ఇవ్వొచ్చు. మా దగ్గర చదివిన ఒక అమ్మాయికి పేపర్ వచ్చిన నాలుగేళ్లకు, ఎక్కడో దూరదేశపు విద్యార్థి నుంచి మెయిల్ వచ్చింది: "మీ 30 శాతం మిక్స్ మా దగ్గర 56 రోజులకు మీ అంకె ఇవ్వడం లేదు, కంకర తడి ఎంత?" ఆమె అప్పటికి ఉద్యోగంలో చేరి ఊరు మారింది. అయినా రిజిస్టరు బీరువాలోనే ఉంది. ఆ రోజు తేదీ తీసి చూస్తే తడి శాతం పెన్సిలుతో రాసి ఉంది. సాయంత్రానికల్లా జవాబు పంపింది.